వచ్చిండు తప్పెట్లయితది?

2017 సెప్టెంబర్‌లో నేను పెట్టుకున్న ఒక దరఖాస్తు నకలు ఇప్పటికీ నా మెయిల్లో ఉంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు తెరిచి చదువుతుంటాను. అమెరికాలో భాషా సాంకేతికతలో ఎం.ఎస్. చేయడానికి చేరిన కొత్తలో, ఒక కోర్సు తప్పించుకోవడానికి రాసింది అది. మూడే వాక్యాలు. నేను తెలుగువాణ్ణని, పదో తరగతి దాకా తెలుగు చదివానని మొదటిది. సంస్కృతం నుంచి పుట్టిన తెలుగు నా మాతృభాష అని రెండోది. కాబట్టి ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందని భాష ఒకదాని నిర్మాణం చదివి తీరాలన్న నిబంధన నుంచి నన్ను మినహాయించండని మూడోది.

రెండో వాక్యం మూడో వాక్యాన్ని కొట్టేస్తోందని రాసేటప్పుడు నాకు తట్టలేదు.

మా అడ్వైజర్‌కి తెలుగు రాదు. కాగితం చదివి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అడిగింది: సంస్కృతం ఇండో-యూరోపియన్ భాష కదా, తెలుగు దాన్నుంచే పుట్టిందంటున్నావు, అలాగైతే తెలుగూ ఆ కుటుంబంలోదే కావాలి, మరి ఈ నిబంధన తెలుగుతో ఎలా తీరుతుంది? నేను తడబడ్డాను. మా ఊళ్లో అందరూ అలాగే అంటారని చెప్పాను. అదే నా జవాబు.

తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లోనే మద్రాసు కలెక్టరు ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ ఉదాహరణలతో సహా చూపించాడు. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటతో పాటు ఆ వ్యాసం అచ్చయింది. ద్రావిడ భాషల మీద కాల్డ్‌వెల్ పుస్తకం వచ్చింది 1856లో, అంటే ఎల్లిస్ తర్వాత నలభై ఏళ్లకు. మాటలు ఎన్నయినా అరువు తెచ్చుకోవచ్చు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం, కన్ను, చెయ్యి, రావడం, పోవడం, వాటి చివర చేరే ప్రత్యయాలు మాత్రం మనవి. నా భాష గురించి రెండు వందల ఏళ్ల కిందట తేలిన సంగతి, భాషే చదువుగా పెట్టుకుని సముద్రాలు దాటి వెళ్లిన నాకు తెలియదు. తెలియకపోవడం ఒక ఎత్తు. తెలియని దాన్నే అర్హతగా చూపించి మినహాయింపు అడగడం ఇంకో ఎత్తు.

ఆమె దరఖాస్తు తిప్పి ఇచ్చేస్తూ ఒక పసుపు చీటీ మీద పుస్తకం పేరు రాసిచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి రాసి 1985లో అచ్చయిన 'ఎ గ్రామర్ ఆఫ్ మోడర్న్ తెలుగు'. కృష్ణమూర్తి 1928లో ఒంగోలులో పుట్టారు. మా ఊరికి బస్సులో గంట దూరం. ఆయన పేరు నేను మొదటిసారి విన్నది మాత్రం అమెరికాలో, తెలుగు రాని మనిషి నోట. సాయంత్రమే లైబ్రరీకి వెళ్లి పుస్తకం తెచ్చుకున్నాను. గడువు అయిపోయినప్పుడల్లా కంప్యూటర్లో పొడిగిస్తూ, రెండేళ్లూ బల్ల మీదే ఉంచుకున్నాను. ఇరవై పేజీలు కూడా చదవలేదు.

మా కోర్సు నిబంధనలు ఒక పట్టికలో ఉండేవి. భాషాశాస్త్రం నుంచి కనీసం ఒకటి, కంప్యూటర్ సైన్స్ నుంచి ఒకటి, గణాంకాలు, మెషీన్ లెర్నింగ్ నుంచి ఒకటి, అనువాదమో మాట గుర్తింపో సమాచార శోధనో ఏదో ఒక ప్రయోగ రంగం నుంచి ఒకటి. ఇవి కాక ఒక ల్యాబ్. అందులో ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా మనమే చేసి చూపించాలి. భాషాశాస్త్రం గడి కిందే ఆ ఇండో-యూరోపియన్ కాని భాష మెలిక ఉండేది. మిగిలిన మూడు గడులూ నాకు ఇష్టమే. ఈ ఒక్కటే దండగ అనిపించింది. అప్పు చేసి చదువుతున్నాను, ఒక్కో కోర్సుకు ఎంతవుతుందో రూపాయల్లోకి మార్చుకుని చూసేవాణ్ణి. ఇంటర్లో మార్కులు బాగా పడతాయని తెలుగు వదిలి సంస్కృతం తీసుకున్నప్పటి బుద్ధే అప్పుడూ పనిచేసింది. పట్టికలో గడి నింపాలి, తక్కువ కష్టంతో నింపాలి. అంతే.

కాలం కూడా నా వైపే ఉన్నట్టు కనిపించింది. ఆ జూన్‌లోనే 'అటెన్షన్ ఈజ్ ఆల్ యూ నీడ్' అనే పరిశోధన పత్రం వచ్చింది. ఎనిమిది మంది రాసిన పత్రం, ట్రాన్స్‌ఫార్మర్ అన్న నిర్మాణాన్ని పరిచయం చేసింది. నేను చేరేసరికి కారిడార్లలో అదే మాట. ఇక వ్యాకరణాలతో పనేముంది, వాక్యాలు గుట్టలుగా పోస్తే యంత్రమే నేర్చుకుంటుంది అనుకునేవాళ్లం. ఇంగ్లీషుకు ఆ మాట చాలామటుకు నిజమైంది కూడా. గుట్టలుగా పోయడానికి తెలుగు ఎంత ఉంది, ఉన్నది ఎవరి తెలుగు అన్న ప్రశ్న నాకు రాలేదు. రావలసింది నాకే, ఆ గదిలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే.

మినహాయింపు దొరకలేదు గానీ సందు దొరికింది. పాఠ్యాన్ని కంప్యూటర్లో ముక్కలు చేసి లెక్కించే కోర్సు ఒకటి, రెండు గడుల కిందా నమోదై ఉంది. అది కంప్యూటర్ సైన్స్ కిందికీ వస్తుంది, భాషాశాస్త్రం కిందికీ వస్తుంది. ఫైనల్ ప్రాజెక్టు తెలుగు మీద చేస్తే ఆ మెలిక కూడా తీరుతుంది. అడ్వైజర్ సంతకం పెడుతూ, నిబంధనకు సరిపోతుంది, నీకు సరిపోతుందో లేదో చూసుకో అంది. సరిపోయిందనే అనుకున్నాను. ఆ ప్రాజెక్టులో నేను చేసిందల్లా యూనికోడ్ పని. 'స్త్రీ' అన్న మాట మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం పద్దెనిమిది. నా ప్రోగ్రాం దాన్ని సరిగ్గా విడగొట్టి మళ్లీ కలిపింది. మంచి గ్రేడు వచ్చింది. స్త్రీ అన్న మాటకు తెలుగు క్రియ ఎలా స్పందిస్తుందో మాత్రం నాకు అప్పటికీ తెలియదు. నా అసలు తప్పు అక్కడ మొదలైంది.

ల్యాబ్‌లో తెలుగు వాక్యాల సంపుటి ఒకటి తయారు చేయాలనుకున్నాను. పన్నెండు వందల వాక్యాలు, వార్తల్లోంచి కొన్ని, జనం బహిరంగంగా రాసుకునే రాతల్లోంచి కొన్ని. ప్రతి క్రియకూ కాలం, పురుష, వచనం, లింగం రాయాలి. అది రేపు వేరే యంత్రాలకు పరీక్ష పేపరు అవుతుంది. మనుషులతో పరిశోధన చేసేవాళ్లకు నియమాల పరీక్ష ఒకటి ఉంటే అది బొత్తాలు నొక్కుకుంటూ ఒక మధ్యాహ్నంలో పూర్తి చేశాను. ముద్రలు వేయడానికి ఇద్దరు తెలుగు విద్యార్థులను గంటల లెక్కన పెట్టుకున్నాను. ఒకతను అమలాపురం వైపు కుర్రాడు. ఇంకొకరు ప్రజారోగ్యం చదువుతున్న అక్క. హనుమకొండ ఆమెది. నాకన్నా ఆరేడేళ్లు పెద్ద.

నియమావళి నేనే రాశాను, నాలుగు పేజీలు. లింగం దగ్గర పుం, స్త్రీ, నపుంసక అని మూడు ముద్రలు పెట్టాను. బళ్లో విన్నట్టు గుర్తు, ఇంగ్లీషులోనూ మూడే, ఇక ఆలోచించేదేముంది అనుకున్నాను. అతడు వచ్చాడు. ఆమె వచ్చింది. కుక్క వచ్చింది. వాన వచ్చింది. ఈ నాలుగూ వరసగా ఒక్కసారి పైకి చదివి ఉంటే చాలు. ఏకవచనంలో తెలుగు క్రియ గీసే గీత ఒకటే: ఒక పక్క మగమనిషి, రెండో పక్క ఆడవాళ్లతో సహా మిగతా లోకమంతా. బహువచనంలోకి రాగానే ఆ గీత జరుగుతుంది. మగవాళ్లు వచ్చారు, ఆడవాళ్లు వచ్చారు, కుక్కలు వచ్చాయి. అక్కడ ఒక పక్క మనుషులు, రెండో పక్క మిగతావి. తమిళంలో ఆడవాళ్లకు వేరే క్రియారూపం ఉంది. తెలుగులో లేదు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మహత్తు, మహతి, అమహత్తు అని విడదీసి చెప్పింది ఈ సంగతే. నా బల్ల మీది పుస్తకంలోనూ ఉంది. చిన్నప్పటి నుంచి నోటితో తప్పులేకుండా పాటిస్తున్న సూత్రం అది. అమ్మ వచ్చాడనో కుక్క వచ్చాడనో నేను ఎన్నడూ అనలేదు. చేయడం వచ్చినంత మాత్రాన చెప్పడం రాదని తెలుసుకోవడానికే ఆ కోర్సు పెట్టారు. నేను తప్పించుకున్నది దాన్నే.

తెలుగు వాక్యంలో కర్త తరచూ ఉండదు. 'వచ్చింది, కాసేపు కూర్చుంది, పోయింది' అంటే వచ్చింది ఎవరు? నా నియమం ప్రకారం స్త్రీ అనో నపుంసకమనో ఏదో ఒకటి వేసి తీరాలి. ఆ కుర్రాడు ఒకటి వేశాడు, అక్క ఇంకొకటి వేసింది. పొరపాటు ఇద్దరిదీ కాదు. భాషలో లేని తేడాను చూపించమని నేను వాళ్లను అడిగాను.

ఇద్దరి ముద్రలు ఎంతవరకు కలిశాయో చూడటానికి జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన కప్పా అనే కొలత వాడతారు. కళ్లు మూసుకుని వేసినా కొన్ని కలుస్తాయి కదా, ఆ యాదృచ్ఛిక భాగాన్ని తీసేసి మిగిలిన ఏకీభావాన్ని కొలుస్తుంది. పూర్తిగా కలిస్తే 1. లింగం గడిలో మాకు వచ్చింది 0.43. నియమావళి మళ్లీ చదువుకోవలసింది నేను. ఇద్దరినీ పిలిచి, శ్రద్ధ పెట్టి చేయడం లేదని అన్నాను.

దానికన్నా పెద్దది ఇంకోటి ఉంది. నా పట్టిక చివర 'తప్పు' అని ఒక గడి పెట్టాను, అక్షరదోషాలు గుర్తించడానికి. వచ్చిండు, చేసిండు, పోయిన్రు అన్న రూపాలు కనపడ్డ చోటల్లా ఆ గడిలో గుర్తు పెట్టమని నియమావళిలో రాశాను. వచ్చాడు, చేశాడు, పోయారు అని పక్కన సరైన రూపం రాయాలి. అక్క ఆ పేజీ పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"తమ్మీ, మా దిక్కు మొగోళ్లకు వచ్చిండు అనే అంటం. తప్పెట్లయితది?"

నేను ఆమెకు ప్రామాణిక భాష గురించి చెప్పాను. పత్రికల్లో రాసేది, పుస్తకాల్లో ఉండేది ప్రామాణికం అక్కా, మీరు మాట్లాడేది మాండలికం, యంత్రానికి ఒక పద్ధతి ఉండాలి అన్నాను. చాలా నిబ్బరంగా చెప్పాను. కృష్ణా, గోదావరి డెల్టాల్లో చదువుకున్నవాళ్ల మాట అచ్చులోకెక్కి ప్రామాణికమైందని, అది కూడా ఒక ప్రాంతపు మాటేనని నాకు తెలియదు. 2014 నుంచి కవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారని మాత్రం తెలుసు. పోటీపరీక్ష బిట్‌గా తెలుసు. ఆయన ఊరివైపు మనిషి నా ఎదురుగా నిలబడి ఆయన అడిగిన ప్రశ్నే అడుగుతుంటే నాకు వినపడలేదు. అక్క నా మొహంలోకి ఒకసారి చూసి, "సరే, నీ ఇష్టం" అని వెళ్లి కూర్చుంది. ఆ రోజు నుంచి పని చేసింది, మాట్లాడటం తగ్గించింది.

అదే జాబితాలో 'వచ్చిద్ది' కూడా చేర్చాను. బస్సు వచ్చిద్దిలే, వాన వచ్చిద్ది, నాన్న వచ్చే యాళయింది. మా అమ్మ మాట్లాడే తీరు ఇదే. 'వస్తుంది' అని ఆమె అనగా నేను వినలేదు. ఆమె మాటను కూడా తప్పుల గడిలో వేసి, పక్కన సరైన రూపం రాశాను. చేయి ఆగలేదు.

సెమిస్టర్ ఆఖరి వారం. 0.43తో నివేదిక ఇస్తే ల్యాబ్ మళ్లీ చేయాల్సి వస్తుందని భయం వేసింది. ఉద్యోగం ఇంటర్వ్యూలు ఒక పక్క. ఒక రాత్రి కూర్చుని, ఇద్దరికీ కుదరని వాటిలో చాలా చోట్ల అక్క వేసిన ముద్రలను తీసేసి కుర్రాడి ముద్రకు సరిపోయేట్టు మార్చాను. నూట డెబ్బై మూడు వాక్యాలు. ఆమెవే ఎందుకు మార్చావంటే నా దగ్గర మంచి జవాబు లేదు. అతని తెలుగు నా తెలుగుకు దగ్గరగా అనిపించింది. తెల్లారేసరికి కప్పా 0.81. చర్చించి సవరించాం అని నివేదికలో రాశాను. ఎవరితోనూ చర్చించలేదు. పట్టికలో గడులన్నీ నిండాయి, డిగ్రీ వచ్చింది, పుస్తకం లైబ్రరీకి తిరిగి ఇచ్చేశాను.

రెండేళ్ల తర్వాత ఒక జూనియర్ నుంచి మెయిల్ వచ్చింది. నా వాక్య సంపుటిని వాడి తెలుగు రాతల్లో తప్పులు దిద్దే ప్రోగ్రాం తయారు చేశాడట. కృతజ్ఞతలు చెబుతూ థీసిస్ పంపాడు. తెలంగాణ వాళ్ల రాతల్లో దోషాలు ఎక్కువని అందులో ఒక పట్టిక చెబుతోంది. ఆ దోషాలేమిటో చూశాను. వచ్చిండు. చేసిండు. పోయిన్రు. అతని ప్రోగ్రాం వాటిని శ్రద్ధగా వచ్చాడు, చేశాడు, పోయారు అని దిద్దుతోంది. ఒక మనిషి తన తమ్ముడి గురించి రాసుకున్న మాటను చెరిపి నా మాట పెడుతోంది. అతని తప్పేమీ లేదు. పరీక్ష పేపరులో జవాబు నేనే అలా రాసి పెట్టాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెలుగు మీద వేరే వాళ్లు ఏం చేశారో వెతికాను. నేను క్లాసుల్లో ఉన్న రోజుల్లోనే తారక రామ, సౌమ్య వజ్జల అనే ఇద్దరు తెలుగు పరిశోధకులు వ్యాకరణ పుస్తకం ఆధారంగా తెలుగు వాక్య నిర్మాణాల సంపుటి ఒకటి తయారు చేశారు. 1,300 పైచిలుకు వాక్యాలు. యూనివర్సల్ డిపెండెన్సీస్ అన్న అంతర్జాతీయ సంపుటిలో ఎవరైనా వాడుకునేలా ఉంది. ఆ వాక్యాలు తీసుకున్నది ఏ పుస్తకం నుంచి అని చూస్తే, కృష్ణమూర్తి, గ్విన్‌ల పుస్తకం. నా బల్ల మీద రెండేళ్లు దుమ్ము పట్టిన పుస్తకమే.

ఇప్పుడు నా దగ్గర దాని సొంత ప్రతి ఉంది. చదవడానికి నాలుగు నెలలు పట్టింది. పులి పులులు అవుతుంది, కత్తి కత్తులు అవుతుంది, మనిషి మనుషులు అవుతాడు. వెనక చేరిన ఉకారం ముందున్న ఇకారాన్ని తనవైపు లాక్కుంటుందని తెలిసిన రోజు ఒక్కణ్ణే కూర్చుని పైకి అంటూ ఉండిపోయాను. రోజూ నా నోట్లో జరుగుతున్నదే. కృష్ణమూర్తి గారు రైతులు వాడే మాటలను ఊరూరా సేకరింపించి, ఏ మాట ఏ ప్రాంతానిదో గుర్తిస్తూ మాండలిక వృత్తిపదకోశం తెచ్చారు. వ్యవసాయ పదాల సంపుటి 1962లోనే వచ్చింది. యంత్రాలు లేని రోజుల్లో అంత పని చేశారు. ఏ మాట పక్కనా తప్పు అని రాయలేదు. నేను తప్పించుకున్నటువంటి కోర్సుల నిబంధనలు తగ్గించాలని ఈ మధ్య ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మాతృభాష వచ్చినవాడికి ఆ కోర్సు ఇంకా అవసరం అంటాను.

అడ్వైజర్‌కి ఉత్తరం రాశాను. ఏయే వాక్యాలు మార్చానో, నివేదికలో ఏం అబద్ధం రాశానో అన్నీ చెప్పాను. సంపుటిని వెనక్కి తీసుకుని, ఎందుకు తీసుకున్నామో దాని స్థానంలో ఒక గమనిక పెట్టాం. జూనియర్‌కి కూడా రాశాను. అతనికి కోపం వచ్చింది, రావాల్సిందే. మిగిలింది అక్క. ఆమె తిరిగి వచ్చేసి హనుమకొండలో ఉంటోంది. నంబరు దొరికింది గానీ చేయడానికి మూడు వారాలు పట్టింది.

అంతా విన్నది. నేను ఆపాక కాసేపు ఏమీ అనలేదు.

"నేనేమో నాకే తెల్వదేమో అనుకున్న అప్పుడు," అంది. "మా ఇంట్ల మాట్లాడేదే తప్పేమో అనుకున్న."

క్షమించమని అడిగాను. ఆ మాటకు జవాబు చెప్పలేదు. "ఎన్ని మార్చినవ్?" అంది.

"నూట డెబ్బై మూడు అక్కా."

"పంపియ్. ఆదివారాలు చూద్దాం."

ఇప్పుడు ఆదివారం పొద్దున ఆమెకు, శనివారం రాత్రి నాకు, గంటన్నర ఫోన్లో కూర్చుంటాం. లింగం గడి మారింది: ఏకవచనంలో పురుష, పురుషేతర, బహువచనంలో మనుష్య, అమనుష్య. కర్త లేని చోట ఊహించడం లేదు. తప్పు గడి తీసేసి దాని చోట 'ప్రాంతీయ రూపం' అని పెట్టాను. అక్క దాన్నీ ఒప్పుకోలేదు. "ప్రాంతీయం మాది ఒక్కటేనా? మీది ఏ ప్రాంతం కాదా?" అంది. అందుకని ఇప్పుడు ప్రతి క్రియకూ ప్రాంతం రాస్తున్నాం. వచ్చిండు పక్కన ఉన్నట్టే వచ్చాడు పక్కన కూడా ఉంది. దీనివల్ల పని రెండింతలు అయింది. కొన్ని రూపాలు ఎక్కడెక్కడ వాడతారో ఇద్దరికీ తెలియక, ఆమె అక్కడ, నేను ఇక్కడ తెలిసినవాళ్లను అడుగుతున్నాం.

మొన్న అరవై రెండో వాక్యం దగ్గర ఆగాం. 'రేపు పొద్దునకల్లా వచ్చిద్ది.' కర్త లేదు. పురుషేతర అని రాశాను. ప్రాంతం గడి దగ్గర అక్క, "ఇది నాకు తెల్వదు తమ్మీ, ఎక్కడిది?" అని అడిగింది. మా అమ్మ మాట అని చెప్పి, మా ఊరి పేరు చెప్పాను. ఆమె రాసుకుంది.